మూడుసార్లు లాగిన తాడు

మా ఇంటికి ఎవరొచ్చినా ముందు టీవీ పక్కనున్న షీల్డు చూస్తారు. ఇత్తడి రేకు మీద ఓడ బొమ్మ, దాని కింద నా పేరు, ఆ కింద ‘సమయస్ఫూర్తితో ప్రాణరక్షణ’ అన్న అక్షరాలు. యార్డు భద్రత మీద ఈ పుస్తకం వేస్తున్నవాళ్ళు కూడా అదే చూసి, “దీని గురించి రాయండి సార్, కొత్తగా చేరే పిల్లలకి స్ఫూర్తిగా ఉంటుంది” అన్నారు. సరే, రాస్తాను. స్ఫూర్తి సంగతి చదివాక మీరే తేల్చుకోండి.

మాది గోదావరి వైపు. నాన్న పోర్టులో పనికి వచ్చి విశాఖలోనే ఉండిపోయారు. నేను ఓడల మరమ్మతు యార్డులో చేరి సేఫ్టీ సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. యార్డు పేరు మీకు అనవసరం, మనుషుల పేర్లు నేను చెప్పను. నా ఉద్యోగమంతా ‘వద్దు’ అనడంలోనే గడిచింది. హెల్మెట్ లేకుండా వెళ్ళొద్దు, పర్మిట్ కాగితం లేకుండా దిగొద్దు, సిగరెట్ వెలిగించొద్దు. పొద్దస్తమానం వద్దు వద్దు అనేవాడితో ఎవరు భోంచేస్తారు? క్యాంటీన్‌లో నేను కూర్చున్న బల్ల నా ఒక్కడిదే. ఇంట్లోనూ అంతే. మా ఆవిడ పోయి అప్పటికి నాలుగేళ్ళు, పిల్లలు లేరు. మాట్లాడటానికి రేడియో ఉండేది, దానికి నా మాట వినిపించదు.

ఆ రోజుల్లో కాంట్రాక్టు పనివాళ్ళలో ఇద్దరు ఉండేవారు. చుట్టరికం లేకపోయినా ఒకరినొకరు ‘బావా’ అని పిలుచుకునేవారు. యార్డంతా వాళ్ళని లోపలి బావ, బయటి బావ అనేది. ఓడలో నీళ్ళు నింపే ట్యాంకుల్లోకి దిగి తుప్పు గీకేది లోపలి బావ. పైన డెక్ మీద, మనిషి పట్టేంత కంత దగ్గర కూర్చుని, లోపలివాడి నడుముకి కట్టిన తాడు కొస పట్టుకుని కాపలా కాసేది బయటి బావ. ఆ కంతని మ్యాన్‌హోల్ అంటాం. ఆ మ్యాన్‌హోల్ దగ్గర మనిషి కదలకూడదు, ఉచ్చకి కూడా. వెళ్ళాల్సి వస్తే బదులు మనిషిని కూర్చోబెట్టి, పర్మిట్ మీద పేరు మార్చి, నా సంతకం పెట్టించుకోవాలి. ఆ రూలు రాసింది నేనే.

బయటి బావకి వెల్డింగు వచ్చు, నోరూ వచ్చు. లోపలి బావ పెద్దగా మాట్లాడేవాడు కాదు. ఓ రోజు అతని వెనకాల ఎవరిదో పెద్ద పానా ఇనుప నేల మీద పడింది. అందరం ఉలిక్కిపడ్డాం, అతను తిరిగి చూడలేదు. నాకు విషయం అర్థమైంది. పదిహేనేళ్ళు ఇనుప డబ్బాలాంటి ట్యాంకులో సుత్తి పట్టుకుని కూర్చుంటే చెవులు మిగలవు. నేను చూశానని బయటి బావ గమనించాడు. సాయంత్రం గేటు దగ్గర నన్ను ఆపాడు.

“గురువుగోరూ, ఆడికి సెవులు నేవు. ఆ ఇసయం మెడికల్ వోళ్ళకి తెలిస్తే గేటు పాసు తీసేత్తారు. మీరు రాసీండి, రాయకూడదని నాను సెప్పను. కానీ ఆడు ఇంకేటి సేత్తాడండీ?”

రాయాలి. రాయకపోవడం తప్పు. “చూస్తాలే” అన్నాను. అదే నేను చేసిన మొదటి తప్పు. దానికి జాలి అని పేరు పెట్టుకున్నాను గానీ, మర్నాడు మధ్యాహ్నం బయటి బావ వచ్చి “రండి, మాతో కూకోండి” అని పిలిచినప్పుడు నా కాళ్ళు ఎంత చురుగ్గా కదిలాయో నాకు తెలుసు.

వాళ్ళు, ఓడని నిలబెట్టి మరమ్మతు చేసే డాక్ నేల మీద, ఓడ నీడలో భోంచేసేవాళ్ళు. తిన్నాక బయటి బావ జేబులోంచి సుద్దముక్క తీసి నేల మీద ఒక షెడ్డు గీసేవాడు. ఆటోనగర్‌లో వాళ్ళు పెట్టబోయే షెడ్డు అది. ఇక్కడ వెల్డింగు మిషను, అక్కడ గ్రైండరు, ఈ మూల రంగుల డబ్బాలు, వీధి వైపు గ్రిల్లు గేట్లు నిలబెట్టే చోటు. సాయంత్రం హోసు పైపుతో నేల కడిగేవారు, షెడ్డు కొట్టుకుపోయేది. మర్నాడు మళ్ళీ గీసేవాడు. లోపలి బావ వంగి, అరచేత్తో ఒక గీత చెరిపి, గ్రైండరు జరిపేవాడు. ఆ గ్రైండరు ఎక్కడ ఉండాలన్న దాని మీద వాళ్ళిద్దరికీ రోజూ తగువే.

“షెడ్డులో సెవులతో పనేటండీ?” అనేవాడు బయటి బావ. “కళ్ళుంటే సాలు. ఇక్కడైతే ఇయ్యాల కాపోతే రేపు మెడికల్‌లో దొరికిపోతాడు. అక్కడ ఆడిని ఎవుడు పరీచ్చ సేత్తాడు?”

ఓ రోజు ఆ బొమ్మలో కొత్తగా ఒక చిన్న చదరం కనిపించింది. గుమ్మం పక్కన, నీడపట్టున.

“ఇదేంటి?” అన్నాను.

లోపలి బావ నా పెదాలు చూసి నవ్వాడు. “కుర్సీ. మీకే. రిటైరైపోయాక కూకోడానికి” అన్నాడు గట్టిగా. చెవులు లేనివాళ్ళకి తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. డాక్‌లో సగం మందికి వినిపించింది.

ఆ రాత్రి ఇంటికెళ్ళి రేడియో పెట్టలేదు. అప్పటికి నా రిటైర్మెంటు ఇంకా ఎనిమిది నెలలు. షెడ్డు నా పేరు మీద అద్దెకి తీసుకుందామని, నేను బయటికి వచ్చేదాకా వాళ్ళు ఆదివారాలు మాత్రం పని చేస్తారని మాట అనుకున్నాం. ఆటోనగర్‌లో ఒక షెడ్డు ఖాళీ అయింది. దాని యజమాని నాకు ఎరిగున్నవాడే. అసలు వాళ్ళకంటే నాకే తొందర ఎక్కువైపోయింది.

ఆ రోజు బుధవారం. పొద్దున పదింటికి యజమాని ఫోన్ చేశాడు. ఇంకో పార్టీ వచ్చి కూర్చుంది, మధ్యాహ్నం లోపు వచ్చి తాళం తీసుకుంటారా, వాళ్ళకి ఇచ్చేయనా అన్నాడు. నేను పరుగున డెక్ ఎక్కాను. బయటి బావ మ్యాన్‌హోల్ దగ్గర తాడు పట్టుకుని కూర్చున్నాడు. లోపలి బావ ట్యాంకులో రెండు గోడల అవతల, చివరి గదిలో, రంగు వెయ్యడానికి ముందు థిన్నర్‌తో గోడలు తుడుస్తున్నాడు. ఇంకో నలుగురు నిచ్చెన దగ్గరి గదిలో ఉన్నారు.

“పని నడుస్తుండగా నేను యార్డు దాటకూడదు. ఆటో ఎక్కి వెళ్ళి తాళం పట్రా. నేను కూర్చుంటా” అన్నాను.

“ఆడు లోపలున్నాడు గదండీ. భోజనాలేల ఎల్తాను.”

“అప్పటికి షెడ్డు ఉండదు. తాడు పట్టుకోవడం నాకు నువ్వు నేర్పుతావా?”

“అది కాదండి, తాడు ఇసయం ఏటంటే…”

“వెళ్తావా, వెళ్ళవా?”

వెళ్ళాడు. తాడు విషయం ఏమిటో వినే ఓపిక నాకు లేదు. పద్దెనిమిదేళ్ళుగా ఆ యార్డులో తాడు సంకేతాల క్లాసు చెప్తున్న మొనగాణ్ణి కదా. ఒకసారి లాగితే బాగున్నాను, రెండుసార్లు లాగితే తాడు వదులు, మూడుసార్లు లాగితే ప్రమాదం, బయటికి. గోడ మీద బొమ్మలతో సహా రాయించాను. పర్మిట్ మీద కాపలా మనిషి పేరు కూడా మార్చలేదు. గంట పనికి మళ్ళీ కాగితమా అనుకున్నాను. ఇంకొకడు ఆ పని చేస్తే వాడి పాసు నేనే లాక్కునేవాణ్ణి.

ముక్కాలు గంట గడిచింది. కరెంటు ట్రిప్పయింది. ట్యాంకులోకి గాలి పంపే బ్లోయరు గుర్రుమని ఆగిపోయింది, వెంటనే సైరన్ మోగింది. బ్లోయర్ ఆగితే థిన్నర్ ఆవిరి లోపలే పేరుకుంటుంది. నిమిషాల్లో మనిషికి మత్తెక్కి, మోకాళ్ళు మడతపడతాయి. నలుగురూ దగ్గుకుంటూ నిచ్చెనెక్కి పైకొచ్చారు. అయిదోవాడు వెనకే వస్తున్నాడనుకున్నారు. సైరన్ వినపడనివాడు ఉంటాడని వాళ్ళకి ఎలా తెలుస్తుంది? తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

కంగారు పడలేదు. తాడు బిగించి మూడుసార్లు లాగాను. ఒకటి, రెండు, మూడు.

అటునుంచి జవాబు వచ్చింది. స్పష్టంగా మూడుసార్లు.

హమ్మయ్య అనుకున్నాను. అర్థమైంది, వస్తున్నాడు. నిచ్చెన మీదికి లైటు వేసి పట్టుకున్నాను. ఎవరూ రాలేదు. మళ్ళీ మూడుసార్లు లాగాను. మళ్ళీ మూడు, ఈసారి ఇంకా హుషారుగా. కానీ తాడు వదులు కావడం లేదు. మనిషి నడిచి వస్తుంటే తాడు వదులవ్వాలి కదా. అతను ఉన్నచోటే ఉన్నాడు. కంతలోంచి థిన్నర్ వాసన గుప్పున కొట్టింది. నా కళ్ళు మండాయి.

“రెస్క్యూకి ఫోన్ చెయ్యండి” అని అరిచాను. గాలి సిలిండర్లతో వచ్చేవాళ్ళు డాక్ ఆ చివర ఉన్నారు. ఎంత పరిగెత్తినా పది నిమిషాలు. మూడోసారి లాగాను. జవాబు మూడే, కానీ నెమ్మదిగా. రెండోదానికీ మూడోదానికీ మధ్య చాలాసేపు పట్టింది. నాలుగోసారి లాగాను.

జవాబు లేదు.

బలమంతా పెట్టి గుంజాను. తాడు రెండు గోడల కంతల్లోంచి మలుపు తిరిగి వెళ్ళింది, అంచుకి పట్టేసింది. అలా గుంజితే మనిషి గోడకి కొట్టుకోవడమే గానీ బయటికి రాడు. దిగుదామని ఒక కాలు నిచ్చెన మీద పెట్టాను. మాస్కు లేకుండా దిగకూడదన్న రూలు గుర్తొచ్చి ఆగానని చాలాకాలం చెప్పుకున్నాను. రూలు కాదు, భయం. కాలు వెనక్కి తీసేసుకున్నాను.

అప్పుడు ఓడలోకి ఎక్కే గ్యాంగ్‌వే మీద అడుగుల చప్పుడు వినిపించింది. బయటి బావ. గేటు దగ్గరే సైరన్ విన్నాడట. మనిషి చెమటతో తడిసిపోయి ఉన్నాడు, గుప్పిట్లో తాళంచెవి.

“ఆడేడి?”

“లోపలే. మూడుసార్లు లాగాను. జవాబిస్తున్నాడు, రావడం లేదు. ఇప్పుడు జవాబు కూడా…”

“మూడు లాగారా?” అన్నాడు. అతని ముఖంలో రంగు పోయింది. దిగబోతాడేమోనని చొక్కా పట్టుకున్నాను. చెయ్యి తోసేశాడు. దిగలేదు. నా చేతుల్లోంచి తాడు తీసుకుని, అంచుకి పట్టేసింది విడిపోయేలా కాస్త వదిలి, రెండు వేళ్ళ మధ్య పెట్టుకుని, నాడి చూసేవాడిలా ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు.

“పడిపోనేదు. ఇంకా నిలబడే ఉన్నాడు” అన్నాడు.

తర్వాత తాడుని ఒకే ఒక్కసారి లాగాడు. కుదుపు లేకుండా, మెల్లగా, పొడుగ్గా లాగి, వదలకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాడు. ఏమీ జరగలేదు. చుట్టూ ఉన్న నలుగురూ ఊపిరి బిగబట్టారు. నేను మనసులో అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను, ఎందుకో తెలియదు. పందొమ్మిది దాకా వచ్చేసరికి తాడు వదులైంది.

ఒక జానెడు. ఇంకో జానెడు. అతను వస్తున్నకొద్దీ బయటి బావ తాడు చుట్టుకుంటూ, బిగువు పోకుండా పట్టుకున్నాడు. మధ్యలో ఒకసారి ఆగిపోయింది. మళ్ళీ అదే పొడుగాటి లాగు. మళ్ళీ కదిలింది. చివరికి నిచ్చెన కింద పసుపు హెల్మెట్ కనిపించింది. నలుగురం చేతులు అందించి చంకల్లో పట్టి పైకి ఈడ్చాం. డెక్ మీద పడి వాంతి చేసుకున్నాడు. కళ్ళు తేలేస్తున్నాయి. తల తిప్పి బయటి బావని వెతుక్కున్నాడు.

“తాలం తెచ్చీసావా బావా?” అన్నాడు.

బయటి బావ గుప్పిట విప్పి చూపించాడు. అప్పుడు ఏడ్చాడు, లోపలి బావ కాదు, బయటి బావ.

అంబులెన్సు వచ్చేదాకా అక్కడే కూర్చున్నాం. నేను అడిగాను. నా వైపు చూడకుండా చెప్పాడు.

“మూడంటే ఉన్నాను బావా అని. ఆడికి లోపల ఏటీ ఇనపడదు గదా. ఒక్కడే ఉంటే బయమేస్తాదంటాడు. ఘడియకోసారి నాను మూడు లాగుతాను. ఆడు మూడు లాగుతాడు. ఉన్నావేటి అంటే ఉన్నాను అని. రమ్మనాలంటే ఒకటే లాగు. లాగి ఒగ్గకూడదు. అదే సెప్పబోయాను మీకు.”

నేను ప్రమాదం, బయటికి రా అని ప్రాణం పెట్టి పిలిచానా? నేనిక్కడే ఉన్నాను, నిశ్చింతగా పని చేసుకో అని చెప్తూ కూర్చున్నానన్నమాట. ఆ ఒంటరివాడు అంత మత్తులోనూ నాకు మర్యాదగా జవాబిచ్చాడు. ఉన్నాను, ఉన్నాను, ఉన్నాను.

కథ ఇక్కడితో అయిపోతే నాకు షీల్డు ఎందుకొచ్చిందో మీకు అర్థం కాదు.

రెండు రోజుల తర్వాత ఎంక్వయిరీ పెట్టారు. ఏసీ గది, బల్లకి అటు ఒక అధికారి, ఇటు నేనూ బయటి బావా. బల్ల మీద పర్మిట్. అందులో కాపలా మనిషిగా బయటి బావ పేరే ఉంది. గేటు రిజిస్టరులో అతను బయటికి వెళ్ళిన టైము ఉంది. నేను పంపించినట్టు ఎక్కడా లేదు. నా నోటిమాట తప్ప.

“ఇతన్ని బయటికి ఎవరు పంపారు?” అన్నాడు అధికారి.

బయటి బావ నా వైపు చూశాడు. అతను భయపడలేదు. నేను చెప్తానని అతనికి నమ్మకం. నేనూ చెప్పాలనే వెళ్ళాను, ఒట్టు. కానీ ఆ గదిలో కూర్చున్నాక నాకు గుర్తొచ్చినవి ఎనిమిది నెలలు, చార్జిషీటు, ఆగిపోయే పెన్షను, ముప్పై నాలుగేళ్ళుగా నేను ఇతరులకి చెప్పిన ‘వద్దు’లు.

“నాకు చెప్పకుండా వెళ్ళాడు సార్. అటుగా వెళ్తూ చూసి నేను తాడు అందుకున్నాను” అన్నాను. “తాడు మెలికపడటం వల్ల అతను రావడం ఆలస్యమైంది.”

అధికారి తల ఊపి రాసుకున్నాడు. “మీరు చూడకపోతే మనిషి పోయేవాడే” అన్నాడు నాతో. తర్వాత బయటి బావని అడిగాడు. “నువ్వేమంటావు?”

నిజం చెప్తే, సైరన్ మోగినా మనిషి ఎందుకు రాలేదన్న ప్రశ్న వస్తుంది. లోపలి బావ చెవుల సంగతి బయటపడుతుంది. అతను ఆ లెక్క వేసుకున్నాడో, నా ముఖం చూసి అసహ్యం వేసిందో నాకు తెలియదు.

“గురువుగోరు సెప్పిందేనండి” అన్నాడు.

ఆ సాయంత్రమే అతని పాసు రద్దయింది. ఆస్పత్రి నుంచి వచ్చిన లోపలి బావ, ‘ఆడు నేని సోట నాకేటి పని’ అని తన పాసు కూడా గేటులో ఇచ్చేసి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు బయటి బావ నా గదికొచ్చి తాళంచెవి బల్ల మీద పెట్టాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

“మీరు సుకంగా రిటైరవ్వండి గురువుగోరూ” అన్నాడు. అంతే.

షెడ్డు ఆ ఇంకో పార్టీకి వెళ్ళింది. సేఫ్టీ వారోత్సవాల్లో నాకు షీల్డు ఇచ్చారు. చప్పట్లు బాగానే కొట్టారు.

రిటైరయ్యాక ఏడాదికి, పెళ్ళికని ఎలమంచిలి వెళ్ళి, అచ్యుతాపురం మీదుగా తిరిగి వస్తుంటే రోడ్డు పక్కన గ్రిల్లు గేట్లు నిలబెట్టి కనిపించాయి. రేకుల చావడి. వెల్డింగు మిషను, గ్రైండరు, మూల రంగుల డబ్బాలు. ఎక్కడ చూశానా అనుకుంటూ బస్సు దిగేశాక గుర్తొచ్చింది. డాక్ నేల మీద చూశాను. గుమ్మం పక్కన, నీడపట్టున, ఒక ప్లాస్టిక్ కుర్చీ ఖాళీగా ఉంది.

లోపలి బావ నన్ను చూసి గ్రైండరు ఆపాడు. “ఇన్నాళ్ళూ ఏటైపోయారండీ?” అని రోడ్డుకి అటువైపు వాళ్ళకి కూడా వినిపించేలా అడిగాడు. భుజం మీది గుడ్డతో కుర్చీ తుడిచి, నన్ను చేయిపట్టి కూర్చోబెట్టి, టీకి వెళ్ళాడు. బయటి బావ ముఖం మీది అద్దం తీయకుండా వెల్డింగు చేసుకుంటూనే ఉన్నాడు. అతుకు పూర్తయ్యాక అద్దం ఎత్తాడు.

“ఎంక్వయిరీలో మీరన్నది ఆడికి సెప్పనేదు” అన్నాడు.

“ఎందుకు?”

“ఆడికున్నది మనం ఇద్దరం. ఒకడిని తీసేస్తే సగం పోతాది గదండీ.” కొత్త రాడ్డు బిగించుకున్నాడు. “నాకు మీరంటే కోపం పోనేదు. పోదు కూడా. ఆడి కోసం రండి.”

లోపలి బావ టీ తెచ్చి, పక్కన నేల మీద కూర్చున్నాడు. నా భుజం మీది తువ్వాలు కొస పట్టుకుని నవ్వుతూ మూడుసార్లు లాగాడు. నేను జవాబు ఇవ్వడానికి ఎంతసేపు తీసుకున్నానో బయటి బావ చూశాడు. చివరికి మూడుసార్లు లాగాను.

అప్పటినుంచి రెండేళ్ళుగా ప్రతి ఆదివారం వెళ్తున్నాను. నా వారంలో మనిషి ముఖం చూసి మాట్లాడే రోజు అదొక్కటే. ఆ కుర్చీలో కూర్చుంటాను, వాళ్ళు గ్రైండరు చోటు గురించి తగువాడుకుంటారు. ఒంటికి హాయిగానే ఉంటుంది. కానీ తువ్వాలు లాగినప్పుడల్లా అబద్ధం ఆడినట్టే ఉంటుంది.

అందుకని కొత్తగా చేరే పిల్లలూ, ఇది మీకోసం అచ్చవుతున్నా, ముందుగా రాసుకున్నది మీకోసం కాదు. ఆ బుధవారం బయటి బావని పంపింది నేను. పర్మిట్ మార్చనిది నేను. ఎంక్వయిరీలో చెప్పింది అబద్ధం. ప్రాణం కాపాడింది అతను, షీల్డు పుచ్చుకుంది నేను.

లోపలి బావకి వినపడదు గానీ చదువు వచ్చు. టీకొట్టులో పేపరు అక్షరం వదలకుండా చదువుతాడు. ఈ పుస్తకం మొదటి కాపీ నేనే తీసుకెళ్ళి అతని చేతికిస్తానని బయటి బావతో పోయిన వారం చెప్పాను. గేటుకి ఇంకో అతుకు వేసి అద్దం ఎత్తాడు. “కుర్సీ నాను తియ్యను. ఆడు తీసేస్తే నానేటీ సెప్పలేను” అన్నాడు.

ఆదివారం వెళ్తాను. తువ్వాలు భుజాన వేసుకునే వెళ్తాను.